ఈఎంఐ మీద కొన్న ఫోన్ పాడైతే: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరిన ఏడాది ద్వారకానగర్‌లో 12 నెలల ఈఎంఐ మీద ఫోన్ కొన్నాం. మూడో ఈఎంఐ పడకముందే అది ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. షాపువాళ్లు సర్వీస్ సెంటర్‌కి పొమ్మన్నారు. సర్వీస్ సెంటర్‌వాళ్లు లోపల తడి చేరిందన్నారు. ఫైనాన్స్‌వాళ్లకి ఫోన్ చేస్తే, ఆ సంగతి మాకు తెలీదు, ఐదో తారీఖుకి అకౌంట్‌లో డబ్బులుంచండి అన్నారు. ఐదు నెలలు తిరిగాక డబ్బులు వెనక్కి వచ్చాయి. అప్పట్నుంచి గాజువాక, మధురవాడ, అనకాపల్లి నుంచి తెలిసినవాళ్లు, వాళ్లకి తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు. వాళ్లు ఎక్కువగా అడిగినవి ఇవి.

ఈఎంఐలు ఇంకా పూర్తి కాలేదు. డబ్బంతా కట్టకుండానే ఫిర్యాదు చేసే హక్కు నాకుంటుందా?

ఉంటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారుడంటే ఎవరో చెప్పేటప్పుడు, డబ్బు పూర్తిగా కట్టినవాళ్లతో పాటు కొంత కట్టి కొంత బాకీ ఉన్నవాళ్లనీ, వాయిదాల పద్ధతిలో కొన్నవాళ్లనీ స్పష్టంగా చేర్చింది. కొన్నవారి అనుమతితో ఆ ఫోన్ వాడుతున్నవారు కూడా వినియోగదారులే. నాన్న పేరు మీద లోను, కూతురి చేతిలో ఫోన్ అయినా ఇబ్బంది లేదు.

ఫోన్ పనిచేయట్లేదు కదా, బాగుచేసి ఇచ్చేదాకా ఈఎంఐ ఆపేస్తే దారికి రారా?

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. దయచేసి ఆపకండి.

మీరు ఆ రోజు షాపులో రెండు ఒప్పందాలు చేసుకున్నారు. ఒకటి ఫోన్ అమ్మినవాళ్లతో. రెండోది అప్పిచ్చిన బ్యాంకుతోనో ఫైనాన్స్ కంపెనీతోనో. వాళ్లు ఫోన్ ఖరీదు షాపుకి ఎప్పుడో కట్టేశారు. మీరు ఈఎంఐ ఆపితే షాపుకి గానీ ఫోన్ కంపెనీకి గానీ ఒక్క రూపాయి తగ్గదు. బౌన్స్ ఛార్జీ మీకు పడుతుంది, మీ బ్యాంకు ఇంకో ఛార్జీ వేస్తుంది, అప్పులు ఎలా కడతారో చూపించే సిబిల్ స్కోరు పడిపోతుంది. రెండేళ్ల తర్వాత బండి లోనుకో ఇంటి లోనుకో వెళ్లినప్పుడు ఆ పాత ఫోన్ ఈఎంఐ అడ్డం తిరుగుతుంది. మా అపార్ట్‌మెంట్‌లోనే ఒక అబ్బాయికి ఇలా జరిగింది. ఫోన్ విషయంలో న్యాయం పూర్తిగా అతని వైపే ఉంది. అయినా రికార్డులో బాకీ ఎగ్గొట్టినవాడిగా మిగిలాడు.

ఈఎంఐ కడుతూనే ఫైనాన్స్ కంపెనీకి ఒక ఈమెయిల్ పెట్టండి. ఫోన్‌లో లోపం ఉందని, షాపుతో, కంపెనీతో వివాదం నడుస్తోందని, ఈఎంఐలు మాత్రం సమయానికి కడుతున్నానని రాయండి. రేపు కేసు దాకా వెళ్తే, మీరు మాట తప్పని మనిషని చెప్పడానికి ఆ మెయిలే సాక్ష్యం. వడ్డీతో సహా నష్టం అడగడానికీ పనికొస్తుంది.

ఫైనాన్స్ కంపెనీ తప్పుగా ఛార్జీలు వేసినా, క్లోజ్ చేసిన లోను ఇంకా నడుస్తున్నట్టు చూపించినా ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. వివరాలకి 14448 నంబరుంది.

నో కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ లేదు అన్నారు. డబ్బులు వెనక్కి వస్తే మొత్తం వస్తాయా?

వడ్డీ ఎక్కడికీ పోదు. ఆ మేరకు ధరలో డిస్కౌంట్ ఇచ్చి సరిచేస్తారు. క్రెడిట్ కార్డు మీద అయితే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీకే పడుతుంది, ప్రాసెసింగ్ ఫీజు కూడా ఉండొచ్చు. రీఫండ్ అడిగేటప్పుడు బిల్లు మీది ధర ఒక్కటే అడగకుండా ఇవన్నీ లెక్కేసి రాయండి. కార్డు అయితే ఇంకో జాగ్రత్త: షాపు డబ్బు వెనక్కి వేసినంత మాత్రాన ఈఎంఐ దానంతటదే ఆగిపోతుందనుకోకండి. బ్యాంకుకి ఫోన్ చేసి క్యాన్సిల్ చేయించి, తర్వాతి స్టేట్‌మెంట్ చూసుకోవాలి.

"అమ్మడం వరకే మా పని, మిగతాది సర్వీస్ సెంటర్‌తో చూసుకోండి" అంటున్నాడు షాపాయన. నిజమేనా?

సగం నిజం. వారంటీ కార్డు ఇచ్చేది కంపెనీ కాబట్టి రిపేరు బాధ్యత వాళ్లదే. కానీ లోపమున్న వస్తువు అమ్మినవాళ్లని చట్టం వదిలిపెట్టలేదు. బిల్లులో రాసిన గడువులోగా, ఏ గడువూ రాయకపోతే 30 రోజుల్లోగా, లోపమున్న వస్తువుని వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి ఒప్పుకోకపోవడాన్ని 2019 చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ జాబితాలోనే ఉంది. జగదాంబ దగ్గర చిన్న కౌంటరైనా, పెద్ద షోరూమ్ అయినా ఇదే చట్టం.

అందుకే నోటీసు ఇచ్చేటప్పుడు షాపుకి, తయారీ కంపెనీకి, సర్వీస్ సెంటర్‌కి ముగ్గురికీ ఇవ్వండి. ఒక్కరికే ఇస్తే వాళ్లు రెండోవాళ్ల పేరు చెప్పి తప్పుకుంటారు.

కొని వారం కూడా కాలేదు. రిపేర్ చేస్తామంటున్నారు. కొత్త ఫోన్ అడగొచ్చా?

అడగండి. ఈ వ్యాపారంలో దీన్ని డీఓఏ అంటారు, అంటే పెట్టెలోంచి తీసినప్పుడే చచ్చిన సరుకు. చాలా బ్రాండ్లు కొన్న మొదటి ఏడు నుంచి పద్నాలుగు రోజుల్లోపు తేలిన లోపానికి సర్వీస్ సెంటర్ నుంచి డీఓఏ లెటర్ ఇస్తాయి. దాన్ని షాపులో చూపిస్తే ఫోన్ మార్చి ఇస్తారు. గడువు ఇంత తక్కువ కాబట్టి "రెండ్రోజులు వాడి చూడండి, అప్‌డేట్ చేస్తే సరిపోతుంది" అన్న మాట విని రోజులు పోగొట్టుకోవద్దు. వెళ్లేటప్పుడు పెట్టె, ఛార్జర్, కేబుల్ అన్నీ తీసుకెళ్లండి.

ఫోన్ మార్చి ఇస్తే కొత్తదాని ఐఎంఈఐ నంబరుతో, అంటే ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబరుతో, బిల్లు కూడా మార్పించుకోండి. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొడితే 15 అంకెల నంబరు తెర మీద కనిపిస్తుంది. బిల్లు మీద, పెట్టె మీద అదే ఉండాలి. లోను కాగితాల్లో, ఇన్సూరెన్స్‌లో పాత నంబరే ఉండిపోతే తర్వాత క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

సర్వీస్ సెంటర్‌లో ఏం తీసుకోవాలి?

జాబ్ షీట్, అంటే ఫోన్ తీసుకున్నట్టు, సమస్య ఏంటో రాసి సర్వీస్ సెంటర్ ఇచ్చే కాగితం. ఈ పేజీలో ఇంకేం గుర్తులేకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

మా అమ్మాయి ఫోన్ మొదటిసారి తీసుకెళ్లినప్పుడు కౌంటర్‌లో అబ్బాయి అక్కడికక్కడే చూసి, సాఫ్ట్‌వేర్ ఎక్కించి, "అయిపోయింది సార్, కాగితం అక్కర్లేదు" అని పంపేశాడు. మంచివాడే అనుకుని వచ్చేశాను. రెండోసారీ అంతే. మూడోసారి వెళ్తే కంప్యూటర్‌లో చూసి "మీరు మొదటిసారి వస్తున్నారు కదా" అన్నారు. రెండుసార్లు సెలవు పెట్టి వెళ్లినది ఎక్కడా నమోదు కాలేదు.

పది నిమిషాల పనైనా జాబ్ షీట్ లేకుండా బయటికి రావద్దు. అందులో తారీఖు, ఐఎంఈఐ, మీరు చెప్పిన సమస్య మీ మాటల్లోనే ఉండాలి. "ఛార్జింగ్ సమస్య" అని రాస్తే చాలదు. "రాత్రంతా పెట్టినా 20 శాతం దాటట్లేదు, వేడెక్కి ఆగిపోతోంది" అని రాయించండి. ఫోన్ ఇచ్చేటప్పుడు తెర మీద గీతలు, అంచుల్లో సొట్టలు ఉన్నాయో లేవో రాయించి, నాలుగు వైపులా ఫొటోలు తీయండి. తిరిగి తీసుకునేటప్పుడు ఏం మార్చారో రాసిన కాగితం అడగండి. మార్చిన పార్టుకి చాలా బ్రాండ్లు విడిగా కొంత కాలం, సాధారణంగా 90 రోజుల వారంటీ ఇస్తాయి.

"లిక్విడ్ డ్యామేజ్, వారంటీ వర్తించదు" అన్నారు. ఫోన్ నీళ్లలో పడనే లేదు.

వైజాగ్‌లో ఇంతకన్నా ఎక్కువగా వినిపించే మాట లేదు. సముద్రపు గాలి, ఏడాదిలో ఎక్కువ నెలలు ఉక్కపోత, చొక్కా జేబులో చెమట. బీచ్ రోడ్డు పక్క ఇళ్లలో కిటికీ ఊచలే తుప్పు పడుతుంటే ఛార్జింగ్ పిన్ను ఏపాటిది? కానీ గాలిలో తేమ వేరు, ఫోన్ తడవడం వేరు. ఆ తేడా తేల్చమని అడిగే హక్కు మీకుంది.

చాలా ఫోన్లలో సిమ్ ట్రే గూటిలోనో లోపల బోర్డు మీదో చిన్న తెల్ల స్టిక్కర్ ఉంటుంది. నీళ్లు తగిలితే అది ఎర్రగానో గులాబీ రంగుగానో మారుతుంది. మామూలు గాలి తేమకి రంగు మారకుండానే వీటిని తయారుచేస్తారు. కాబట్టి లిక్విడ్ డ్యామేజ్ అన్నప్పుడు "స్టిక్కర్ చూపించండి, ఫొటో ఇవ్వండి, ఎక్కడ తడి కనిపించిందో జాబ్ షీట్‌లో రాయండి" అని మర్యాదగానే, గట్టిగా అడగండి. మా విషయంలో నా ముందే విప్పమన్నాను. స్టిక్కర్ తెల్లగానే ఉంది. ఛార్జింగ్ పోర్టులో కొంచెం పచ్చని చిలుం చూసి లిక్విడ్ డ్యామేజ్ అని రాసేశారు. ఆ ఫొటోయే తర్వాత మాకు డబ్బులు తెచ్చిపెట్టింది.

రెండో వైపు కూడా చెప్పాలి. నీళ్లని తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 గుర్తు పెట్టె మీద ఉందని ఆర్కే బీచ్‌లో, రుషికొండలో అలల్లోకి ఫోన్ తీసుకెళ్లి ఫొటోలు తీసేవాళ్లని రోజూ చూస్తాను. ఆ పరీక్ష లేబొరేటరీలో మంచినీళ్లతో చేస్తారు, ఉప్పునీళ్లతో కాదు. చాలా కంపెనీలు ఐపీ68 అని రాస్తూనే నీటి వల్ల వచ్చిన నష్టాన్ని వారంటీ నుంచి తీసేస్తాయి. అలల్లో తడిసిన ఫోన్‌కి వారంటీ అడిగి గెలవడం కష్టం.

వారంటీ ఉండగా బయట గల్లీలో విప్పించకండి. సీలు తెగితే మీ దగ్గరున్న మంచి వాదన కూడా పోతుంది.

ఎన్నిసార్లు రిపేర్ చేశాక కొత్తది అడగొచ్చు?

ఇన్నిసార్లు అని మన చట్టంలో అంకె లేదు. అదే లోపం మళ్లీ మళ్లీ వస్తోందని జాబ్ షీట్లు చూపిస్తుంటే అది తయారీలో ఉన్న లోపమేనని వాదించొచ్చు. నేనైతే రెండో రిపేర్ తర్వాత అదే సమస్య వస్తే, మూడోసారి ఫోన్ ఇచ్చేముందే కంపెనీకి మెయిల్ పెట్టమంటాను: ఇది ఆఖరి అవకాశం, ఇది కూడా విఫలమైతే ఫోన్ మార్చండి లేదా డబ్బు వెనక్కివ్వండి అని.

తెర మీద ఆకుపచ్చ గీత వచ్చింది. వారంటీ అయిపోయి రెండు నెలలైంది.

కింద పడకుండా, దెబ్బ తగలకుండా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత అమోలెడ్ తెరల మీద ఇలా గీతలు పడ్డాయని దేశమంతా చాలామంది ఫిర్యాదు చేశారు. కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్లకి వారంటీ దాటాక కూడా తెర ఉచితంగా మార్చాయి. కౌంటర్‌లో అబ్బాయికి ఆ సంగతి తెలియకపోవచ్చు. కంపెనీ కస్టమర్ కేర్‌కే మెయిల్ రాసి మీ మోడల్‌కి అలాంటి సదుపాయం ఉందా అని అడగండి. వారంటీ గడువు ముగిస్తే కంపెనీ ఇచ్చిన మాట ముగుస్తుంది గానీ, తయారీ లోపం గురించి అడిగే దారి మూసుకుపోదు. అయితే అప్పుడు లోపం మొదటి నుంచీ ఉందని నిరూపించాల్సిన భారం మీ మీద ఎక్కువగా పడుతుంది.

బిల్లు పోయింది.

షాపులో డూప్లికేట్ అడగండి. మీ మొబైల్ నంబరు చెబితే సాధారణంగా వాళ్ల సిస్టమ్‌లో దొరుకుతుంది. ఈఎంఐ మీద కొనడంలో మీకున్న మేలు ఇదే: లోను కాగితాల్లో షాపు పేరు, తారీఖు, ఖరీదు ఉంటాయి, చాలాసార్లు ఐఎంఈఐ కూడా. థర్మల్ కాగితం మీద అచ్చైన బిల్లు మన ఎండలకి ఆరు నెలల్లో తెల్లబోతుంది, కాబట్టి కొన్న రోజే ఫొటో తీసి మీకు మీరే మెయిల్ చేసుకోండి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా బీరువాలో కాగితాలన్నీ ముద్దైపోయాయి. అప్పట్నుంచి ఇంట్లో ప్రతి బిల్లుకీ ఇదే చేస్తున్నాను.

ఆన్‌లైన్‌లో కొన్నాను. రిటర్న్ గడువు దాటిపోయింది.

రిటర్న్ గడువు ఆ వెబ్‌సైట్ పెట్టుకున్న నియమం. కంపెనీ వారంటీ దాంతో ముగియదు. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం వెబ్‌సైట్‌కి ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారి ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. కస్టమర్ కేర్ చాట్‌లో గంటలు గడిపే బదులు నేరుగా ఆ అధికారికే రాయండి.

రిపేర్‌కి ఇస్తే నా ఫొటోలు, ఫోన్‌పేలు ఏమవుతాయి?

బ్యాకప్ తీసి, సిమ్, మెమరీ కార్డు బయటికి తీసి, డబ్బు యాప్‌లన్నింట్లోంచి లాగౌట్ అయ్యాకే ఇవ్వండి. కొన్ని ఫోన్లలో రిపేర్ మోడ్ ఉంటుంది, అది పెడితే మీ ఫొటోలు వాళ్లకి కనిపించవు. లాక్ పిన్ కాగితం మీద రాసి ఇవ్వకండి. ఆడపిల్లల ఫోన్ల విషయంలో ఈ జాగ్రత్త అస్సలు మరవొద్దు.

అన్నయ్య అమెరికా నుంచి తెచ్చాడు. ఇక్కడ వారంటీ ఉంటుందా?

చాలా బ్రాండ్లది కొన్న దేశానికే. అడిగి చూడండి, ఆశ పెట్టుకోకండి.

సిమ్ ఇచ్చే నెట్‌వర్క్ దగ్గరే కాంట్రాక్టు మీద తీసుకున్న ఫోన్ సంగతి? మా అబ్బాయి లండన్‌లో చదువుతూ అలాగే తీసుకున్నాడు.

మన దగ్గర 2003లో రిలయన్స్ మాన్సూన్ హంగామా పేరుతో 501 రూపాయలకే ఫోన్ చేతిలో పెట్టినప్పుడు కాంట్రాక్టు ఫోన్ల మోజు నడిచింది. ఇప్పుడు ఇక్కడ ఫోన్ ఒకరి దగ్గర, సిమ్ ఒకరి దగ్గర, అప్పు ఇంకొకరి దగ్గర.

బ్రిటన్‌లో మీ అబ్బాయికి ఇంకా గట్టి హక్కులున్నాయి. అక్కడి 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం ఫోన్ ఇచ్చింది నెట్‌వర్కే అయితే జవాబు చెప్పాల్సింది నెట్‌వర్కే, తయారీ కంపెనీ కాదు. లోపముంటే మొదటి 30 రోజుల్లో ఫోన్ తిరిగిచ్చేసి డబ్బు తీసుకోవచ్చు. ఆ తర్వాత ఒకసారి రిపేరుకో మార్పిడికో అవకాశమివ్వాలి, అదీ విఫలమైతే తిరిగిచ్చేయొచ్చు. ఆరు నెలల్లోపు బయటపడ్డ లోపం ఇచ్చినప్పుడే ఉందని చట్టం అనుకుంటుంది. కాదని నిరూపించాల్సింది అమ్మినవాళ్లే. ఫోన్ బాకీకి ఒక ఒప్పందం, సిమ్‌కి ఇంకొకటి రాయించుకునే నెట్‌వర్కులు ఉన్నాయి కాబట్టి ఫోన్ తిరిగిచ్చేటప్పుడు రెండూ ఏమవుతాయో రాతలో అడగమని చెప్పండి.

నేను ఫుడ్ డెలివరీ చేస్తాను. ఫోన్ పని కోసమే కొన్నాను. వ్యాపారం కోసం కొన్నదంటే కేసు చెల్లదంటున్నారు.

చెల్లుతుంది. సొంత జీవనోపాధి కోసం, స్వయం ఉపాధి మీద బతికేవాళ్లు కొన్నవాటిని చట్టం వ్యాపార కొనుగోలుగా చూడదు. ఆటో నడిపేవాళ్లకీ, టైలర్లకీ ఇదే. ఫోన్ లేక పోయిన రోజుల సంపాదన కూడా యాప్‌లోని లెక్కలు చూపించి అడగండి.

షాపూ కంపెనీ ఇద్దరూ పట్టించుకోవట్లేదు. ఇప్పుడేం చేయాలి?

ముందు 1915. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు, 8800001915కి వాట్సాప్ కూడా చేయొచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వరు, కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తారు. కౌంటర్‌లో కదలని ఫైలు పై ఆఫీసు దాకా వెళ్లేది ఇక్కడే. మాకు అసలు కదలిక వచ్చింది దీని తర్వాతే. ఆ ఫిర్యాదు నంబరు దాచుకోండి.

దాంతో తేలకపోతే 15 రోజుల గడువిచ్చి ముగ్గురికీ నోటీసు, స్పీడ్ పోస్టులో. లాయరే రాయాలని లేదు. ఎప్పుడు కొన్నారు, ఎంతకి, ఏ తారీఖుల్లో ఏం జరిగింది, ఏం కావాలి, అంతే. కోపం మాటలు వద్దు, తారీఖులు చాలు.

ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 50 లక్షల రూపాయల దాకా విలువున్న కొనుగోళ్లు అక్కడికే వెళ్తాయి. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. షాపు హైదరాబాద్‌లో ఉన్నా, కంపెనీ బెంగళూరులో ఉన్నా, మీరు ఉంటున్న చోటే కేసు వేయొచ్చు. 2019 చట్టం తెచ్చిన పెద్ద మార్పు ఇదే, దీని గురించి తెలియక మానుకున్నవాళ్లని చాలామందిని చూశాను. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. సమస్య మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. లాయర్ కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా ఉచితం. నంబరు 15100.

టైమ్ గురించి నిజం చెప్పాలి. వస్తువు పరీక్ష అక్కర్లేకపోతే మూడు నెలల్లో, లేబొరేటరీ పరీక్ష కావాలంటే ఐదు నెలల్లో తేల్చేలా ప్రయత్నించాలని చట్టంలో ఉంది. ఆచరణలో చాలా కేసులు అంతకన్నా ఎక్కువే పడతాయి. అందుకే ఆ పాడైన ఫోన్‌ని అమ్మేయకుండా, ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయకుండా దాచండి. పరీక్షకి పంపాల్సి వస్తే అదే సాక్ష్యం. తీర్పు వచ్చాక కంపెనీ అమలు చేయకపోతే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

నోటీసు అందాక కంపెనీవాళ్లు ఫోన్ చేసి సెటిల్ చేసుకుందాం అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

మీకు న్యాయమనిపిస్తే తప్పకుండా ఒప్పుకోండి, మేమూ అలాగే తేల్చుకున్నాం. కానీ ఫోన్‌లో చెప్పిన మాట మెయిల్‌లో రాయమనండి: ఎంత డబ్బు, ఏ తారీఖుకి, ఏ అకౌంట్‌లో. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు కలిశాయో లేదో చూసుకోండి. డబ్బు పడేదాకా ఫిర్యాదు వెనక్కి తీసుకోవద్దు. పడిన రోజే ఆ డబ్బుతో మిగిలిన లోను క్లోజ్ చేసేయండి, ఫైనాన్స్ కంపెనీ నుంచి బాకీ ఏమీ లేదని చెప్పే నో డ్యూస్ లెటర్ తీసుకోండి, అకౌంట్ నుంచి ఆటోమేటిక్‌గా డబ్బు లాగే మాండేట్‌ని బ్యాంకులో రద్దు చేయించండి. నెలన్నర ఆగి సిబిల్ రిపోర్టులో లోను క్లోజ్ అయినట్టు వచ్చిందో లేదో చూడండి. మాకు ఆ లెటర్ చేతిలో ఉన్నా రిపోర్టులో మాత్రం ఇంకో రెండు నెలలు బాకీ ఉన్నట్టే కనిపించింది. లెటర్ జతచేసి సరిదిద్దమని రాస్తే మార్చారు.